గుండు మీద తెల్ల మచ్చలు

ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ పొద్దున్నే పరుపు మోసుకుని గుట్ట వైపు పోతుంటే మీరేమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను.

నన్ను మా ఊళ్ళో అనుమానాల ఆదిలక్ష్మమ్మ అంటారు. అననీండి. వియ్యపురాలు పంపిన మామిడిపండైనా వాసన చూడందే కొయ్యను నేను. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతం తోడు లేకపోతే మాలాంటి వాళ్ళను ఎప్పుడో నమిలి మింగేసేవాళ్ళు.

తర్లుపాడు నుంచి లోపలికి ఆటోలో వచ్చే ఊరు మాది. ఊరికి పడమర పెద్దగుట్ట, దాని కాళ్ళ దగ్గర మా రెండెకరాల కంది చేను. చేను గట్టు దాటగానే గుట్టకు ఆనుకుని మూడు నిలువుల ఎత్తున నున్నటి బండ ఒకటి ఉంది. గుండు అంటాం దాన్ని. వెనక నుంచి పైకి మేకలు పోయే దోవ ఉంది, ముసలోళ్ళు కూడా చేతులూపుకుంటూ పోవచ్చు. ముందు వైపు నుంచి మాత్రం బల్లులు తప్ప ఎవరూ ఎక్కరు.

ఆ ఆదివారం నేను కందిలో కలుపు తీస్తున్నాను. బైకు మీద ఇద్దరు వచ్చి గట్టు దగ్గర దిగారు. ఆ పిల్లకు పాతికేళ్ళుంటాయేమో, ప్యాంటు వేసుకుంది, మడత పెట్టిన పరుపును వీపుకు కట్టుకుంది. అబ్బాయి సంచి పట్టుకున్నాడు. సిగ్గూ ఎగ్గూ లేకుండా పట్టపగలు, అదీ నా చేను గట్టు మీద నుంచి! కలుపు తీసే తొలికి అక్కడే వదిలి, చేతికందిన కట్టె తీసుకుని వెనకాలే పోయి పరికి పొద చాటున కూర్చున్నాను. తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాను, మంచివి, ఏరినవి.

వాళ్ళు పరుపును గుండు కింద పరిచారు. దాని మీద కూర్చోలేదు. కాళ్ళకు పట్టని బూట్లలోకి పాదాలు బలవంతంగా దూర్చుకున్నారు. పళ్ళు తోమే బ్రష్షులాంటిది తీసి బండను తోమారు. నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో చేతులు ముంచితే అరచేతులు తెల్లగా అయ్యాయి. ఆ పిల్ల బండను కావలించుకుని పైకి పాకింది, సగం దూరం పోయి ధబ్బుమని పరుపు మీద పడింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. వాడూ నవ్వాడు. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ పడింది, మళ్ళీ నవ్వు.

నా మొదటి అనుమానం చచ్చిపోయింది. దాని చోట్లో రెండోది పుట్టింది, గుప్తనిధులు. మా వైపు ఆ పిచ్చి తక్కువేం కాదు, పాత రాయి కనబడితే చాలు దాని కింద గుంట తవ్వి పోతారు. కానీ నిధులోళ్ళు నిమ్మకాయలు తెస్తారు, గడ్డపార తెస్తారు, పరుపు ఎందుకు తెస్తారు?

చివరకు ఇద్దరూ పైకెక్కారు. పైన కాసేపు కూర్చుని, వెనక దోవన వట్టి చేతులతో దిగి, పరుపు మడిచి వెళ్ళిపోయారు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడికి కనీసం గడ్డన్నా కావాలి. వీళ్ళకు అదీ అక్కర్లేదు! అట్లాంటి వాళ్ళను ఎవరు నమ్ముతారు?

బైకు చప్పుడు దూరమయ్యాక గుండు దగ్గరకు పోయి చూశాను. నల్లటి బండ మీద, కింద నుంచి పైదాకా, తెల్ల మచ్చలు. అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

ఎందుకో చెప్పాలి. పలకరాయి గనులు చూసి పెరిగిన వాళ్ళం మేము. మాకు తెలిసింది ఒకటే, ముందు సున్నం గుర్తులు వస్తాయి, వెనక మిషన్లు వస్తాయి. మా మామ చేను ఊరికి తూర్పున చిన్నగుట్ట కింద ఉండేది. ఒకనాడు ఆ గుట్ట రాళ్ళ మీద సున్నపు గుర్తులు కనబడ్డాయి. రోడ్డు పడుతుందని ఒకరన్నారు, టవరు వేస్తారని ఇంకొకరన్నారు. టవరొస్తే సిగ్నలు బాగుంటుందని సంతోషపడ్డ వాళ్ళూ ఉన్నారు. వచ్చింది కంకర క్వారీ. రాయి పేలిస్తే మా ఇంట్లో గూట్లో దీపం కింద పడేది. సజ్జ కంకులు పిండి చల్లినట్టు తెల్లబడ్డాయి, బోరు ఎండిపోయింది. గుర్తులు పెట్టిన రోజే తుడిచేసి ఉంటే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి కొలుచుకోవాల్సి వచ్చేదనీ, ఆలోపు కోర్టు కాగితం అడ్డం పెట్టి ఉండొచ్చనీ తర్వాత చెప్పారు తెలిసినవాళ్ళు. చేతులు కాలాక ఆకులు! ఆ చేనును అడిగినకాడికి ఇచ్చేసి, ఈ గుట్ట కింద ఈ రెండెకరాలు కొనుక్కున్నాం. ఇది కూడా పోతే కొనుక్కోవడానికి మాకింకేమీ లేదు. ఈ వయసులో నేను ఇంకొకరి చేలో కూలికి వంగలేను.

ఇంటికొచ్చి మా ఆయన మాలకొండయ్యకు చెప్పాను. ఆయన సంగటి తింటున్నాడు.

"ఏమయ్యో, గుండు మీద సున్నం పెట్టిపోయినారు."

"పెట్టుకోనీలే."

"పెట్టుకోనీలేనా? చిన్నగుట్టప్పుడు గూడా ఇట్లనే అంటివి. నేను పోయి తుడిచేస్తా."

"తుడిస్తే కేసు పెడతారంట."

"ఎవురన్నారు?"

"ఎవురో అన్నారు."

మా ఆయన మీద వాన కురిసినా, రాళ్ళు కురిసినా ఒకటే. తినడం ఆపలేదు.

మర్నాడు తడి గోనెపట్ట పట్టుకుని నేనే పోయాను. కింది మచ్చలు నిలబడే తుడిచాను. ఆ పైవాటికి చెయ్యి అందలేదు. అటూ ఇటూ చూసి, చీర గోచీ పెట్టి, చెప్పులు విడిచి, గోనెపట్ట నడుముకు దోపుకున్నాను. మొదటిసారి ఎక్కిన దానికంటే జారిందే ఎక్కువ. మోకాలు చెక్కుకుపోయింది. బండను తిట్టాను, ఆ పిల్లను తిట్టాను, మా ఆయన్ను కూడా కలిపి తిట్టాను. అప్పుడు ఒక సంగతి గమనించాను. మచ్చ ఉన్న చోటల్లా చేతికి పట్టు ఉంది. ఒకచోట వేళ్ళు దూరేంత చీలిక, ఒకచోట బొటనవేలు ఆనేంత అంచు. శత్రువు చూపించిన దోవనే పోతూ శత్రువు గుర్తులు తుడుస్తూ వచ్చాను.

ఆదివారం వాళ్ళు పెట్టడం, సోమవారం నేను తుడవడం. ప్రతిసారీ మచ్చలు ఇంకో వైపు నుంచి, ఇంకో దోవలో పైకి పోయేవి. కొలతలు మారుస్తున్నారు దొంగలు, అనుకున్నాను. నేనూ వాటి వెంట పోయాను. మా ఆయనకు కంపల కోసం అని చెప్పేదాన్ని.

"గ్యాసు పొయ్యి ఉండంగ కంపలెందుకే నీకు? ఆ మోకాళ్ళేంది అట్ల కొట్టుకుపోయినాయి?" అన్నాడు ఒకరోజు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనకు నా మీద అనుమానం రావడం అదే మొదలు. లోపల కొంచెం సంతోషం కూడా వేసింది నాకు.

అసలు దొంగతనం నా లోపల జరుగుతోంది. ఎత్తు మీద కాలు కుదిరి, అరచేతికి రాయి ఒద్దికగా దొరికి, ఒంటి బరువంతా ఆ రెండు చోట్ల నిలిచినప్పుడు కడుపులో చిన్న గిలిగింత పుట్టేది. చిన్నప్పుడు వేపచెట్టు చిటారు కొమ్మన కూర్చున్నప్పుడు ఉండేది అది. పెళ్ళయ్యాక దాని ముఖం చూడలేదు. ఇదేంది నాకు, క్వారీ వాళ్ళ గుర్తులు తుడవటానికొచ్చి ఇట్లా సంబరపడుతున్నాను అని నా మీద నాకే అనుమానం వచ్చింది. సోమవారం ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తున్నానని తెలిసినప్పుడు ఇంకా భయమేసింది.

ఒక సోమవారం సగం ఎత్తులోనే మచ్చలు అయిపోయాయి. పైన బండ శుభ్రంగా ఉంది. తుడవాల్సింది తుడిచాను, దిగాలి. దిగలేదు. తలకు పైన ఒక అంచు కనబడుతోంది, అందుతుందో అందదో చూద్దామనిపించింది. అందింది. ఆ తర్వాత ఇంకొకటి. బండ వంపు తిరిగి చదునయ్యే చోట బోర్లా పడి, పాకి, పైకొచ్చి కూర్చున్నాను. కింద నా కంది చేను పసుప్పచ్చ పూతతో ఉంది. దాని అవతల ఊరు, ఆ అవతల సగం కొరికి వదిలేసిన చిన్నగుట్ట, దాని గుంటలో నిలిచిన నాచునీళ్ళు. గాలి చెమటకు తగిలి ఒళ్ళంతా చల్లబడింది. నవ్వొచ్చింది. ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. వెంటనే చుట్టూ చూశాను, ఎవరన్నా విన్నారేమోనని.

తర్వాతి సోమవారం ఏదో సెలవు. ఆ సంగతి నాకు తెలియదు. గుండు మీద సగంలో ఉండగా కింద నుంచి గొంతు వినబడింది.

"పెద్దమ్మా, భయపడొద్దు! కుడికాలు కొంచెం పైకి పెట్టు. ఆడ అంచు ఉంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గోనెపట్టను నడుములోకి ఇంకా లోపలికి తోసుకున్నాను. కింద పరుపు పరుస్తున్న చప్పుడు. శత్రువు మాట వినడమా, పడిపోవడమా? కుడికాలు పైకి పెట్టాను. అంచు ఉంది. పైకొచ్చి కూర్చున్నాక ఆ పిల్ల కూడా నా వెనకే ఎక్కి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవురు పంపించినారు మిమ్మల్ని?" అన్నాను, ఆయాసం తీరకముందే.

"ఎవురూ పంపలేదు పెద్దమ్మా. నా పేరు లీదియా. మార్కాపురంలో ఒక బడిలో డ్రిల్లు టీచర్ని. కిందుండేది మా తమ్ముడు ఏబేలు. మాది గిద్దలూరు."

"కాంట్రాక్టరు ఎవురు?"

"కాంట్రాక్టరేంది?"

"తెలీనట్టు మాట్లాడొద్దు. ఆ సున్నం ఎందుకు పెడుతున్నారు?"

ఆ పిల్ల తన అరచేయి చూసుకుని, నా ముఖం చూసి, నడుము సంచి విప్పి నా ముందు పెట్టింది. "సున్నం కాదు పెద్దమ్మా. చెమటకు చెయ్యి జారకుండా పూసుకునే పొడి."

చిటికెడు తీసుకుని వాసన చూశాను. నాలుక చివర పెట్టుకున్నాను. తాంబూలం వేసుకునే దాన్ని, సున్నమైతే నాకు చెప్పక్కర్లేదు, చురుక్కుమంటుంది. ఇది మట్టి నాకినట్టు చప్పగా ఉంది. అయినా అంత తొందరగా నమ్ముతానా?

"సరే. మరి ఎందుకెక్కుతారు?"

"ఉత్తినే."

"ఉత్తినే ఎవురన్నా ఎక్కుతారా? అదీ ఎనక దోవ పెట్టుకొని?"

"నువ్వు గూడా ఆ దోవన రాలేదు గదా పెద్దమ్మా."

"నేను మీ మచ్చలు తుడవటానికొచ్చినా."

లీదియా జేబులోంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది. ఆకుపచ్చ గాజు ముక్క. నాదే. ఎప్పుడు పగిలిందో నాకే తెలియదు. "నిన్న పైన దొరికింది. అంతకుముందు ఆదివారం మబ్బు పట్టిందని మేము సగంలోనే దిగేసినాం. ఆ పైన మేము ఒక్క మచ్చ గూడా పెట్టలేదు" అంది.

మా ఊళ్ళో నన్ను మాటలతో కట్టేసిన వాళ్ళు అంతవరకు లేరు. గాజు ముక్కను కొంగున ముడేసుకున్నాను. ఆ పిల్ల ఎగతాళి చేస్తుందేమోనని కాచుకున్నాను. చేయలేదు.

"ఇన్ని వారాల నుంచి పట్టులన్నీ ఎవురు తుడుస్తున్నారో అని మేము గూడా అనుమానపడినాం. ఇంకెవురో ఎక్కేవాళ్ళు ఉన్నారనుకున్నాం. ఉన్నారు" అని నవ్వింది.

క్వారీ కాదని తెలిసి ఇంటికి ఎగురుకుంటూ పోవాలి నిజానికి. పోయాను, సంతోషంగానే పోయాను. కానీ సగం దోవలో దిగులు పట్టుకుంది. సున్నం కాకపోతే తుడవక్కర్లేదు, తుడవక్కర్లేకపోతే ఎక్కక్కర్లేదు. ఊళ్ళో ఎవరన్నా చూసి ఏందే ఆదిలక్ష్మమ్మా అంటే చెప్పడానికి నా దగ్గర ఇక సాకు లేదు. అయినా ఎక్కాను. ఆదివారాలు వాళ్ళతో, మధ్యలో ఒక్కదాన్నే. కంది కాయ పట్టింది, ముదిరింది, కోత దగ్గరకొచ్చింది. నేనింకా కంపల కోసమే పోతున్నానని మా ఆయన నమ్ముతున్నాడు, లేదా నమ్మినట్టు ఊరుకున్నాడు.

అప్పుడొచ్చారు అసలు వాళ్ళు. సున్నం లేదు, టేపు లేదు. ఒక జీపు వచ్చి మా చేను గట్టు పక్కన ఆగింది. ఒక గనుల ఆఫీసరు, ఆయన పక్కన క్వారీ కాంట్రాక్టరు మనిషి. ఆఫీసరు చేతిలో ఫోను పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగొచ్చాడు, అంతే, కొలత అయిపోయింది. నేను తెల్ల మచ్చల కోసం కాపలా కాసుకుంటూ ఉంటే వీళ్ళు మచ్చలు అక్కర్లేని కాలానికి పోయారు. నా అనుమానం అంతా తప్పు మనుషుల మీద ఖర్చయిపోయింది.

ఊరి పెద్దలు గుండు దగ్గర పోగయ్యారు. ఆఫీసరు మర్యాదస్తుడే, అందర్నీ అడిగాడు. "ఈ గుట్టను ఊళ్ళో ఎవరన్నా వాడుకుంటున్నారా? మేకలు మేపడం, కట్టెలు, గుడి, ఏదన్నా సరే. ఉంటే చెప్పండి, ఉన్నది ఉన్నట్టు పైకి పంపిస్తాను."

మేకలు అమ్ముకున్నారు. గ్యాసు వచ్చాక కట్టెలకు ఎవరూ పోవడం లేదు. గుట్ట మీద చిన్న దేవుడైనా లేడు, ఉంటే ఆయన పేరైనా చెప్పుకునేవాళ్ళం. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"నేను చెప్పలే సార్? ఎవురికీ పనికిరాని గుట్ట" అన్నాడు కాంట్రాక్టరు మనిషి.

"నేను వాడుకుంటున్నా" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"దేనికమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఎక్కటానికి."

నవ్వులు. పెద్దలే ముందు నవ్వారు. కాంట్రాక్టరు మనిషి నల్ల కళ్ళద్దాలు తీసి మరీ చూశాడు నన్ను. "ఎక్కి ఏం చేస్తావు?"

"దిగుతా."

ఇంకా నవ్వారు. నాకు మండింది. చెప్పులు విడిచి, చీర గోచీ బిగించి, గుండు మీద చెయ్యి వేశాను. ఆదివారం కాదు కాబట్టి కింద పరుపు లేదు. "ఏమేయ్, పడతావే!" అని మా ఆయన కేక. అంత గట్టిగా ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. రెండో పట్టు, మూడో పట్టు. ఎండకు రాయి వేడెక్కి ఉంది. నడుమును బండకు దగ్గరగా ఉంచాను, లీదియా చెప్పినట్టు. నడిమధ్యలో ఎడమ చేతికి ఏమీ దొరకని చోటు ఒకటి ఉంది. అక్కడ కాలునే నమ్ముకుని లేవాలి. లేచాను. చీలికలో నాలుగు వేళ్ళు పడ్డాయి. ఎప్పుడు పైకొచ్చానో తెలియదు. పైన నిలబడి ఊపిరి తీసుకున్నాక గానీ కింద మనుషులున్నారన్న సంగతి గుర్తుకు రాలేదు. చేను పోతుందేమోనన్న భయం, చిన్నగుట్ట, జీపు, ఎక్కినంతసేపూ ఒక్కటి కూడా నా తలలో లేదు.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఇన్నాళ్ళూ చేను కోసం గుట్టను కాశాననుకున్నాను. పోతే పోయేది చేనొక్కటే కాదు.

కింద నవ్వులు ఆగిపోయాయి. ఆఫీసరు తలెత్తి చూస్తున్నాడు. "అమ్మా, జాగ్రత్తగా దిగి రండి. మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఈ గుట్ట నాకు కావాల సార్" అని పైనుంచే అరిచాను. "ఎందుకంటే మాటల్తో చెప్పలేను. మీరే ఎక్కి రాండి. ఎనక దోవన కాదు, ఈ దోవన."

కాంట్రాక్టరు మనిషి విసవిసా పోయి జీపులో కూర్చుని హారన్ కొట్టాడు. ఆఫీసరు కదల్లేదు. కాసేపు బండను చూశాడు. చేయి చాపి, మొదటి పట్టు మీద అరచేయి ఆనించి చూశాడు. తర్వాత వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు. నిజంగా ఎక్కుతాడో, బూటులో రాయి పడితే దులుపుకుంటున్నాడో, నాకైతే నమ్మకం లేదు. అంచు మీద కూర్చుని కన్నార్పకుండా ఆయన్నే చూస్తున్నాను.